తుపాను రోజు ఏ యాంకర్ మాట వినాలి?

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందు నెల్లూరులో ఎడతెరిపిలేని వాన. అలాంటి రోజున బులెటిన్ చదివే యాంకర్ మాట మా కావలి వైపు ఏ పార్టీ వాళ్లయినా వింటారు. వాతావరణ శాఖ చెప్పింది చెప్తారు, అంతే.

రాత్రి చర్చ నడిపే యాంకర్ సంగతి వేరు. ఒకరిని తీరిగ్గా మాట్లాడనిచ్చి, రెండోవారిని మొదటి వాక్యంలోనే ఆపేస్తారు. ప్రశ్నలోనే తీర్పు ఉంటుంది. ఛానల్ పేరు చెబితే చాలు, అది ఎవరిదో టీ కొట్టు దగ్గర చెప్పేస్తారు. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే సోమశిల జలాశయం నీళ్లు చివరి ఆయకట్టుకు ఎందుకు రాలేదని గట్టిగా అడగాల్సింది ఆ చర్చే. బులెటిన్ ఆ పని చేయదు.

అయినా నా నమ్మకం బులెటిన్ మీదే. చర్చలో విన్నది మర్నాడు పేపర్ జిల్లా పేజీలో సరిచూసుకుంటాను.