పాయింట్ల బండికి కిల్ స్విచ్: కొన్నేళ్ల వాడకం తర్వాత

పాత పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే కాంటాక్టులతో ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే పద్ధతి) మోటార్‌సైకిల్‌కు హ్యాండిల్ మీద కిల్ స్విచ్ (ఇంజనును వెంటనే ఆపే మీట) బిగించి కొన్నేళ్లుగా వాడుతున్నాను. స్విచ్ మామూలుదే. దాన్ని ఏ తీగకు కలిపామన్నదే అసలు విషయం.

నాది బ్యాటరీ, కాయిల్ (ప్లగ్గుకు కావలసిన ఎక్కువ వోల్టేజీని ఇచ్చే తీగచుట్ట) ఉన్న 12 వోల్టుల బండి. తాళం నుంచి కాయిల్‌కు వెళ్లే తీగను కత్తిరించి, ఆ రెండు కొసలనూ స్విచ్‌కు కలిపాను. మీట జరపగానే కాయిల్‌కు కరెంటు అందదు, ఇంజను ఆగిపోతుంది. పాయింట్ల వైపు తీగను ఎర్త్ చేసినా (బండి లోహపు చట్రానికి కలిపినా) ఇంజను ఆగుతుంది, పని కూడా తేలిక. అయితే తాళం ఆన్‌లో ఉన్నంతసేపూ కాయిల్ గుండా కరెంటు పారుతూనే ఉంటుంది. ప్రైమరీ (కాయిల్‌లో ఈ కరెంటు పారే చుట్ట) నిరోధం 3 ఓములైతే 4 ఆంపియర్లు! ఇంజను ఆగిందనుకుని అలాగే వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, కాయిల్ వేడెక్కి పాడవుతుంది. అందుకే ఆ పద్ధతి ఎవరికీ చెప్పను.

మాగ్నెటో బండ్లకు (బ్యాటరీతో పనిలేకుండా అయస్కాంతంతో నిప్పురవ్వకు కరెంటు పుట్టించేవాటికి) మాత్రం ఎర్త్ చేయడమే సరైనది. స్విచ్ మూసుకుంటే పాయింట్లు విడివడినా ప్రైమరీ వలయం తెగదు, ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టదు. ఆ తీగకు బ్యాటరీ కరెంటు ఎన్నడూ తగలనీయకండి.

ఇంతకాలంలో నన్ను ఇబ్బంది పెట్టింది స్విచ్ లోపలి కాంటాక్టులే. తడి, దుమ్ము చేరేకొద్దీ అవి నల్లబడి వోల్టేజీని మింగేస్తాయి. కిక్ కొట్టేటప్పుడు, ముఖ్యంగా బ్యాటరీ నీరసంగా ఉన్నప్పుడు, ఆ లోటు వెంటనే తెలుస్తుంది. పాయింట్లు కలిసి ఉండగా స్విచ్ రెండు కొసల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి. కొత్తలో దాదాపు సున్నా చూపేది, ఒక వానాకాలం గడిచాక ఒక వోల్టుకు దగ్గరైంది. విప్పి కాంటాక్టులు శుభ్రం చేయగానే మళ్లీ తగ్గింది. ఇప్పుడది పాయింట్ల గ్యాప్ సరిచూసుకున్నంత మామూలు పనైపోయింది.

స్విచ్ కొనేటప్పుడు డీసీ కరెంటుకు ఎంత తట్టుకుంటుందో చూడాలి. ఏసీకి సరిపోయే స్విచ్ డీసీ కాయిల్ కరెంటును తెంచేటప్పుడు లోపల మెరుపు ఆరక కాంటాక్టులు త్వరగా కాలతాయి.

యాక్సిలరేటర్ కేబుల్ ఇరుక్కుపోయినప్పుడు హ్యాండిల్ వదలకుండా బొటనవేలితోనే ఇంజను ఆపగలిగాను. ఆ ఒక్క కారణం చాలు, ఇది ప్రతి పాత బండికీ ఉండాలనడానికి. స్విచ్ చెడితే బండి దారిలో ఆగిపోతుంది కాబట్టి, రెండు కొసలనూ కలిపేందుకు క్లిప్పులున్న చిన్న తీగను సీటు కింద ఉంచుతాను. హెడ్‌లైటును ఈ స్విచ్ ఆపదు, దిగేటప్పుడు తాళం ఆఫ్ చేయాల్సిందే.

మీట ఈమధ్య కాస్త వదులైంది. ఈసారి రబ్బరు మూత ఉన్న స్విచ్ తెచ్చి అదే తీగకు కలుపుతాను.