పాఠకుల సూచనల సేకరణకు గూగుల్ ఫారమ్స్: కడపలోని ఒక పఠనాలయం అనుభవం

పాఠకులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలనుకునే చిన్న పఠనాలయాలకూ, స్థానిక పత్రికలకూ నేను ముందుగా సూచించే సాధనం గూగుల్ ఫారమ్స్, అంటే ప్రశ్నలతో ఒక ఫారం తయారుచేసి, లింకు ద్వారా ఫోనులోనే జవాబులు రాయించుకునే ఆన్‌లైన్ సాధనం. అది ఉచితంగా దొరకడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. నలుగురి ఎదుట చెప్పుకోలేని మాటను చెప్పుకునే వీలు అది పాఠకులకు కల్పిస్తుంది. చెప్పిన మాటకు అందరికీ కనిపించేలా బదులిచ్చే ఏర్పాటు మాత్రం అందులో లేదు కాబట్టి, ఆ పని నిర్వాహకులే విడిగా చేసుకోవాలి. కడపలో ఏడురోడ్ల కూడలికి నడిచి వెళ్ళగలిగే దూరంలో కొందరు మిత్రులం కలిసి నడుపుతున్న పఠనాలయంలో దీనిని వాడుతున్నాము. ఆ అనుభవంతోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

మా పఠనాలయంలో మొదటినుంచీ సలహాల పుస్తకం ఒకటి ఉంది. వార్తాపత్రికల బల్ల చివర, దారంతో కట్టిన పెన్నుతో సహా, అది ఇప్పటికీ అక్కడే ఉంది. ఫలానా పుస్తకం తెప్పించండి, ఫలానా పత్రిక ఆలస్యంగా వస్తోంది అన్న మాటలే అందులో ఎక్కువగా కనిపిస్తాయి. ఒకరు రాసిన పేజీలోనే ఇంకొకరు రాయవలసి రావడం వల్ల పై వరుసలోని మాటలే కింద కూడా తిరిగి వస్తుంటాయి. రాస్తున్న మనిషి ఎవరో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళందరికీ తెలిసిపోతుంది. ఫారం మొదలుపెట్టాక వచ్చిన ఒక సూచనను ఉన్నది ఉన్నట్టుగా ఇక్కడ ఇస్తున్నాను: ‘ఆడవాళ్ళ బాత్రూము తలుపుకు లోపలి గడియ ఊడిపోయింది. ఒకరం లోపలికి పోతే ఇంకొకరం బయట కాపలా ఉంటాండాం. పుస్తకంలో రాద్దామంటే అందరూ చూస్తారని రాయలేదు.’ రాసినవారి పేరు లేదు, మేము అడగనూ లేదు. గడియ వెంటనే బిగించాము. చదువుకోవడానికి వచ్చే ఆడపిల్లలు ఇంతకాలం ఈ ఇబ్బందిని మౌనంగా భరించారని తెలిసినప్పుడు కలిగిన బాధ వల్లనే, ఈ సాధనంలో తక్కిన ఏ సౌకర్యం కన్నా పేరు చెప్పకుండా రాయగలిగే వీలునే నేను ఎక్కువ విలువైనదిగా భావిస్తున్నాను.

అందువల్ల దీనిని కొత్తగా వాడేవారు అన్నిటికన్నా ముందు సెట్టింగులను శ్రద్ధగా చూసుకోవాలి. ఒక్కొక్కరి నుంచి ఒక్క జవాబు మాత్రమే తీసుకోవాలన్న నియమం పెడితే, పాఠకుడు తన గూగుల్ ఖాతాతో లాగిన్ అయితే తప్ప ఫారం నింపలేడు. ఫొటో జతచేసే ప్రశ్న పెట్టినా ఇదే షరతు వర్తిస్తుంది. నాన్న ఫోనో అన్న ఫోనో తీసుకుని రాసే విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. లాగిన్ అడిగే తెర కనిపించగానే వారు వెనక్కి తగ్గుతారు. ఈమెయిల్ సేకరణ, ఒక్క జవాబు నియమం, ఫొటోల ప్రశ్న మూడింటినీ పక్కన పెట్టడమే మంచిదని నా అభిప్రాయం. ఒకే మనిషి రెండుసార్లు రాస్తే వచ్చే నష్టమేమీ లేదు.

ప్రశ్నల విషయానికి వస్తే, చిన్న జవాబు, పేరాగ్రాఫు, బహుళైచ్ఛికం, డ్రాప్‌డౌన్, స్కేలు వంటి ఎన్నో రకాలు ఇందులో ఉన్నాయి. ఇన్ని ఉన్నాయి కదా అని అన్నీ వాడాలనిపించడం సహజం. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ పంచసూత్రాలలో నాలుగవది పాఠకుని కాలాన్ని ఆదా చేయమంటుంది; పుస్తకాల అమరిక గురించి మనం సాధారణంగా చెప్పుకునే ఆ సూత్రం సూచనల ఫారానికీ అంతే వర్తిస్తుంది. మా ఫారంలో పేరాగ్రాఫు ప్రశ్న ఒక్కటే ఉంది: ‘ఇక్కడ ఏది మారితే మీకు మేలు?’ వయసు, వృత్తి, ఎన్నిసార్లు వస్తారు వంటివి అడిగితే మా లెక్కలకు అందం వస్తుందేమో గాని, రాయవలసిన అసలు మాట దగ్గరికి చేరేసరికి పాఠకుడికి ఓపిక మిగలదు.

తెలుగులో రాయడం కష్టమవుతుందేమోనన్న సందేహం నాకు ఉండేది. ఫోనులో వాడే గూగుల్ వారి జీబోర్డు కీబోర్డులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా మారుతుంది కాబట్టి, టైపు చేయడం రానివారు కూడా సూచనలు పంపుతున్నారు. అలా మాట్లాడి పంపినవాటిలో కామాలు, ఫుల్‌స్టాపులు సరిగా ఉండవు; ఒక్కొక్క పదం తప్పుగా పడుతుంది. అయినా టైపు చేసినవాటికన్నా వాటిలోనే వివరం ఎక్కువగా ఉంటుంది. ఉర్దూలో రాసిన సూచనలను కూడా ఫారం ఏ ఇబ్బందీ లేకుండా తీసుకుంటుంది, కడపకు ఇది చాలా అవసరమైన సంగతి.

వచ్చిన జవాబులు, ఫారానికి జతచేసుకున్న ఆన్‌లైన్ పట్టిక అయిన గూగుల్ షీట్స్‌లోకి చేరుతుంటాయి. మొదటి గడిలో తేదీ, సమయం వాటంతటవే నమోదవుతాయి. దీని ఉపయోగం నేను ముందుగా ఊహించలేదు. కిటికీ పక్క బల్ల దగ్గర వెలుతురు చాలడం లేదన్న సూచనలన్నీ పొద్దుగూకిన తర్వాతవే అని ఆ గడి చూశాకే తెలిసింది. పగటిపూట ఉండే మాకు ఆ బల్ల వెలుతురుగానే కనిపించేది. జవాబుల సారాంశం చూపే పేజీ మాత్రం మనవంటివారికి అంతగా పనికిరాదు. బహుళైచ్ఛిక ప్రశ్నలకు అది చక్కని పటాలు గీస్తుంది గాని, సొంత మాటల్లో రాసినవాటికి అలా చేయలేదు. చిన్న జవాబులలో ఒకేలా ఉన్నవాటిని కలిపి లెక్కించినా, ‘డీఎస్సీ పుస్తకాలు’ అన్నదీ ‘డి.ఎస్.సి. బుక్స్’ అన్నదీ దాని దృష్టిలో వేర్వేరు కోరికలే. కూర్చుని ఒక్కొక్కటీ చదవాలి. వేరే దారి లేదు.

వెబ్‌సైట్ల అంచున బొత్తాంలా కనిపిస్తూ, పాఠకులు ఒకరి సూచనకు మరొకరు ఓటు వేసే వీలు కల్పించే సాధనాలు కూడా ఉన్నాయి. 2008లో మొదలైన యూజర్‌వాయిస్ ఆ కోవలోదే. వేలమంది వాడే సాఫ్ట్‌వేరుకు ఏ మార్పు ముందు చేయాలో తేల్చుకోవడానికి ఆ పద్ధతి సరైనదే కావచ్చు. మా పఠనాలయానికి అది తగదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇక్కడి కుర్చీలలో ఎక్కువ భాగం గ్రూప్-2కో, డీఎస్సీకో, కానిస్టేబుల్ పరీక్షకో చదివేవారివి. ఓట్లు పెడితే ప్రతిసారీ కరెంట్ అఫైర్స్ పుస్తకాలే గెలుస్తాయి. రాయలసీమ కథల సంకలనం అడిగిన రిటైర్డు మాస్టారికీ, పెద్ద అక్షరాల పుస్తకాలు కావాలన్న పెద్దావిడకూ ఎప్పటికీ వంతు రాదు. గడియ సంగతికి ఎన్ని ఓట్లు పడేవి? గూగుల్ ఫారమ్స్‌లో ఓట్ల పద్ధతి లేకపోవడాన్ని కొందరు లోటుగా చెబుతారు గాని, మావంటి చోట్లకు అది మేలే.

అసలు లోటు బదులు దగ్గర ఉంది. పేరు, చిరునామా తీసుకోనప్పుడు రాసినవారికి జవాబు పంపే మార్గం ఉండదు. మేము చేసుకున్న ఏర్పాటు ఇది: షీటులో జవాబుల గడికి పక్కన మరో గడి పెట్టుకుని ప్రతి సూచనకూ ఎదురుగా ‘తెప్పించాము’, ‘వచ్చే నెల చూస్తాము’, ‘కుదరదు, కారణం ఇది’ అని రాసి, ప్రతి శనివారం దాన్ని ప్రింటు తీసి నోటీసు బోర్డు మీద అంటిస్తాము. మనుషుల పేర్లు గాని, రాసినవారు ఎవరో తెలిసిపోయే వివరాలు గాని ఉంటే ముందే తీసివేస్తాము. కుదరదని చెప్పిన వాటికి కారణం తప్పనిసరిగా రాయాలన్నది మేము పెట్టుకున్న నియమం. ఫారం పంపగానే కనిపించే సందేశాన్ని మార్చుకునే వీలు ఉంది కాబట్టి, అక్కడ ‘మీ సూచన అందింది; శనివారం బోర్డు మీద జవాబు చూడండి’ అని రాసుకున్నాము. కొత్త జవాబు రాగానే మనకు ఈమెయిల్ వచ్చే సౌకర్యం కూడా ఉంది గాని, అది మనం ఆన్ చేసుకుంటేనే పనిచేస్తుంది. ఆన్ చేసుకోకపోతే అత్యవసరమైన మాట కూడా షీటులోనే పడి ఉంటుంది.

ఫారం లింకును క్యూఆర్ కోడ్‌గా మార్చడానికి క్రోమ్ బ్రౌజరులోని షేర్ మెనూ చాలు, వేరే యాప్‌లకు డబ్బు కట్టనక్కరలేదు. ఆ కోడ్‌ను లామినేషన్ చేయించి ఎక్కడ అంటిస్తామన్నది ముఖ్యం. లైబ్రేరియన్ బల్ల ముందు అంటిస్తే సలహాల పుస్తకానికి ఉన్న ఇబ్బందే దీనికీ వస్తుంది. మేము పుస్తకాల బీరువాల మధ్య ఒకటి, మంచినీళ్ళ దగ్గర ఒకటి, ఆడవాళ్ళ బాత్రూము తలుపు లోపలి వైపు ఒకటి అంటించాము. స్మార్ట్‌ఫోను లేని పాఠకులు సలహాల పుస్తకంలోనే రాస్తున్నారు. వారి మాటలను మాలో ఒకరు అదే ఫారం ద్వారా షీటులోకి ఎక్కిస్తారు, శనివారం జవాబు వారికీ బోర్డు మీదే ఉంటుంది.