రాక్‌కు ఒక స్పీకరు, ఈడీఎంకు మరొకటి: హనుమకొండలో ఒక శ్రవణ గది

హనుమకొండ నక్కలగుట్టలో ఆడియో పరికరాలు అమ్మే ఒక దుకాణం మేడ మీద, కొనదలచినవారు తమకు నచ్చిన పాటలను తామే పెట్టుకొని తీరికగా వినేందుకు ఒక చిన్న గది ఉంది. దుకాణదారు ఎంచిన పాటతోనే స్పీకరును అంచనా వేయవలసి వచ్చే మన దగ్గర ఈ వసతి నిజంగా మెచ్చుకోదగినది. రాక్‌, ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం (ఈడీఎం) వినేవారి మీద ఎంత వేరువేరుగా పనిచేస్తాయో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది, ఏ స్పీకరు కొనాలన్న నిర్ణయం కూడా దాన్నిబట్టే మారుతుంది.

గదిలో ఆరున్నర అంగుళాల వూఫర్లు (కింది స్వరాలు పలికే స్పీకర్లు) ఉన్న స్టీరియో జత, దానికి తోడు బేస్ అనే మంద్ర ధ్వనులను మాత్రమే పలికించే 10 అంగుళాల సబ్‌వూఫర్ ఉన్నాయి. సబ్‌వూఫర్‌ను విడిగా ఆపి వినవచ్చు. రాక్ పాటలు పెట్టి దాన్ని ఆపినప్పుడు పెద్దగా లోటు అనిపించలేదు. గిటార్‌లో అన్నిటికన్నా లావుపాటి తీగ పలికేది సుమారు 82 హెర్ట్జ్‌ల (సెకనుకు 82 కంపనాల) దగ్గర, దాన్ని స్టీరియో జత తానే పలికించగలదు. బేస్ గిటార్ 41 హెర్ట్జ్‌ల వరకు దిగినా, దాని అతిస్వరాలను (మూలస్వరంతో పాటు పలికే పై స్వరాలను) బట్టి చెవి ఆ మూలస్వరాన్ని చాలావరకు పోల్చుకోగలదు. పైగా నాదాన్ని కావాలని గరుకుగా మార్చే డిస్టార్షన్ వల్ల గిటార్ నాదానికి కొత్త అతిస్వరాలు చేరి, గొంతు చించుకొని పాడే మనిషి స్వరంలోని గరుకుదనం దానికి వస్తుంది. అందుకే రాక్ వినేవారి ధ్యాస గాయకుడి మీద, మాటల మీద, డ్రమ్మర్ కాస్త వేగం పెంచి తగ్గించే తీరు మీద నిలుస్తుంది. ఆ గదిలో రాక్ పెట్టినంతసేపూ అందరూ కదలకుండా కూర్చొని విన్నారు.

ఈడీఎం సంగతి వేరు. అందులో ఒక రకమైన హౌస్ సంగీతంలో నిమిషానికి సుమారు 120 నుంచి 130 దెబ్బలు ఉంటాయి. ప్రతి దెబ్బకూ కిక్ డ్రమ్ పడుతుంది, యంత్రం వాయించేది కనుక లయ ఎక్కడా చెదరదు. బతుకమ్మ చుట్టూ తిరిగేవారు చప్పట్లను లెక్కపెట్టనట్లే, ఇక్కడా లయను ఎవరూ గమనించి పట్టుకోరు, అడుగులు వాటంతట అవే పడతాయి. కాసేపు బేస్‌ను తీసివేసి, ఉత్కంఠ పెంచి, ఒక్కసారిగా తిరిగి వదిలే ఘట్టాన్ని డ్రాప్ అంటారు. సబ్‌వూఫర్ ఆపినప్పుడు ఆ డ్రాప్ డొల్లగా తేలిపోయింది. తిరిగి పెట్టగానే పక్కన కూర్చున్న కాలేజీ విద్యార్థుల తలలు, కాళ్లు కదలసాగాయి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు బలమైన ఆధారం. ఒక ఎలక్ట్రానిక్ సంగీత కచేరీలో, ప్రేక్షకులు పోల్చుకోలేని 8 నుంచి 37 హెర్ట్జ్‌ల ధ్వనిని ఉండుండి వదిలితే, అది ఉన్నప్పుడు వారి కదలిక దాదాపు 12 శాతం పెరిగింది. తాము విన్నామని కూడా తెలియని ధ్వనికి ఒళ్లు స్పందించడం నాకు ఎంతో ఆశ్చర్యం కలిగించే విషయం.

రాక్ వింటే పిల్లలకు కోపం పెరుగుతుందని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2015లో వెలువరించిన అధ్యయనంలో, మెటల్ వంటి తీవ్ర సంగీతాన్ని ఇష్టపడే 39 మందికి ముందుగా కోపం తెప్పించి, తర్వాత వారు ఎంచుకున్న పాటలు వినిపించారు. వారి కోపం పెరగలేదు, మనసులో ఉత్సాహం పెరిగింది. ఇది ఆ సంగీతాన్ని కోరి వినేవారి విషయం మాత్రమే. వద్దనుకునేవారికి బలవంతంగా వినిపిస్తే అదే ఫలితం వస్తుందని అనుకోకూడదు.

దుకాణంలో లోపాలు లేకపోలేదు. సబ్‌వూఫర్‌ను మూలన పెట్టడం వల్ల బేస్ గది నిండా ముద్దగా పరుచుకుంటుంది. అడిగితే సిబ్బంది విసుక్కోకుండా గోడకు దూరంగా జరిపారు, వెంటనే ఒక్కొక్క దెబ్బ విడిగా వినిపించింది. శబ్దం కూడా అవసరానికి మించి పెంచుతారు కనుక మొదటే తగ్గించమని చెప్పాలి. వీధిలోని వాహనాల హోరు లోపలికి వస్తుంది, రాక్‌లోని నెమ్మది భాగాలు వినేటప్పుడు ఇది చాలా ఇబ్బంది.

ప్రధానంగా రాక్ వినేవారు సబ్‌వూఫర్‌కు పెట్టే డబ్బును మెరుగైన స్టీరియో జతకు పెట్టడం మేలు. దుకాణదారు కూడా నాతో ఇదే అన్నారు, అమ్మకం తగ్గుతుందని తెలిసి కూడా. ఈడీఎం వినేవారికి సబ్‌వూఫర్ తప్పనిసరి. అయితే అపార్ట్‌మెంటులో ఉండేవారు కొనేముందు కింది అంతస్తువారి గురించి ఆలోచించాలి, ఎందుకంటే తక్కువ పౌనఃపున్యపు ధ్వని గోడలకు, స్లాబుకు ఆగదు.