సుమేరు గాథలకు ఆక్స్‌ఫర్డ్ వారి ఉచిత భాండాగారం: ఎలా వాడాలి, ఎక్కడ తడబడతాం

మరో జాతి పురాణాలు చేతికి రాగానే మనవాళ్లు ముందు వెతికేది పోలికలు. ఈ దేవత మన ఫలానా అమ్మవారే, ఈ జలప్రళయం మన మనువు కథే అని తేల్చేశాక ఇక చదివేదేమీ ఉండదు. ఆ తొందరను ఆపే గుణం ఈ వెబ్‌సైటుకు ఉంది. అందుకే సుమేరు (నేటి దక్షిణ ఇరాక్‌లోని ప్రాచీన నాగరికత) సాహిత్యం మొదలుపెట్టేవారికి దీన్నే ముందుగా చెప్పాలి.

పూర్తి పేరు ఎలక్ట్రానిక్ టెక్స్ట్ కార్పస్ ఆఫ్ సుమేరియన్ లిటరేచర్. ఆక్స్‌ఫర్డ్ పండితుడు జెరెమీ బ్లాక్ నాయకత్వంలో 1997లో పని మొదలైంది, 2006లో నిధులు ఆగాయి. అప్పటికి దాదాపు 400 రచనలు ఎక్కించారు. డబ్బు కట్టక్కర్లేదు, ఖాతా తెరవక్కర్లేదు. ఒక్కో రచనకూ రోమన్ లిపిలో సుమేరు పాఠం, ఇంగ్లీషు వచనానువాదం విడివిడిగా ఉంటాయి. అనువాదంలో ప్రతి పేరాకూ పంక్తి సంఖ్యలు ఉంటాయి. వాటిని పట్టుకుని అసలు పాఠంలోకి వెళ్లి, పదాల అర్థం చూసుకోవచ్చు.

పట్టికలో 1తో మొదలయ్యేవి గాథలు, 4 స్తోత్రాలు, 5 వాదాలూ బడి రచనలూ, 6 సామెతలు. వరుసగా 1.1.1 నుంచి చదవబోతే ఎంకి, నిన్‌హుర్‌సగ అనే దేవతల కథ దగ్గరే చాలామంది ఆగిపోతారు. 5.3.1తో మొదలుపెట్టండి. అది పారకూ నాగలికీ మధ్య వాదం. నాగలి తన గొప్ప చెప్పుకుంటుంది. నువ్వు పనిచేసేది ఏడాదికి 4 నెలలే, 8 నెలలు కనిపించవు, నాకు 12 నెలలూ పనే అని పార బదులిస్తుంది. గెలుపు పారదే. కాలువ తవ్వకపోతే పంట లేని దక్షిణ ఇరాక్ నేల ఈ ఒక్క తీర్పులో కళ్లకు కడుతుంది. దేవుళ్ల కథల కన్నా ముందు ఆ నేల తెలియాలి.

తర్వాత 1.8.1.4. పాతాళం చూసి వచ్చిన తన అనుచరుడు ఎంకిడును రాజు గిల్గమేష్ అక్కడి సంగతులు అడుగుతాడు. ఒక్క కొడుకున్నవాడు గోడకు కొట్టిన మేకు దగ్గర ఏడుస్తుంటాడు. ఇద్దరున్నవాడు రెండు ఇటుకల మీద కూర్చుని రొట్టె తింటుంటాడు. ఏడుగురున్నవాడు దేవతల సరసన ఆసనం మీద ఉంటాడు. లోకం చూడకుండానే పోయిన పసికందులు తేనె, నెయ్యి పెట్టిన వెండి బంగారు బల్ల దగ్గర ఆడుకుంటుంటారు. మన పాఠకుడికి వెంటనే పిండప్రదానం, పున్నామ నరకం గుర్తొస్తాయి. బతికున్నవాళ్లు పెట్టేదాని మీద చచ్చినవాళ్ల స్థితి ఆధారపడటం వరకు ఆ పోలిక నిలుస్తుంది. కానీ కొడుకుల సంఖ్యను బట్టి సాగే ఈ వరుసలో పాపపుణ్యాల లెక్క లేదు, చిత్రగుప్తుడు లేడు, మరుజన్మ లేదు. పోలిక ఎక్కడ తెగిందో అక్కడే సుమేరు మనిషి కనిపించడం మొదలవుతాడు.

జలప్రళయం 1.7.4లో ఉంది. ఇక్కడే పాఠకులు ఎక్కువగా పొరబడతారు. ఈ కథ రాసిన మట్టి పలకలో దాదాపు మూడో వంతే మిగిలింది. దేవతలు ప్రళయం ఎందుకు తెచ్చారో చెప్పే చోటు మిగల్లేదు. ఎన్ని పంక్తులు పోయాయో సైటు అక్కడే రాసింది. అది దాటవేసి, మనుషుల పాపమే కారణమని మనసులో పూరించుకుంటాం. మనుషుల రొద భరించలేక ఎన్‌లిల్ దేవుడు ప్రళయం తెచ్చాడనే కారణం వేరే భాషలోది, ఆ ప్రాంతపు మరో ప్రాచీన భాష అక్కడ్ (Akkadian)లోని అత్రహాసిస్ కావ్యంలోది. దాన్నీ ఇక్కడ అతికించకూడదు. మన శతపథ బ్రాహ్మణంలోని మనువు కథలోనూ పాపం ప్రస్తావన లేదని గుర్తుంచుకుంటే మంచిది. ముగింపులూ వేరు. సుమేరు కథలో ప్రళయం నుంచి బతికి బయటపడ్డ జియుసుద్రకు శాశ్వత జీవితం, దిల్మున్ అనే దేశంలో నివాసం దక్కుతాయి. మనువుకు యజ్ఞంలో పుట్టిన ఇడ ద్వారా సంతానం కలుగుతుంది. ఒకటి చావు గురించిన కథ, రెండోది యజ్ఞం గురించినది.

లోపాలు చిన్నవి కావు. కథలకు పరిచయం గానీ వివరణ గానీ లేదు. 1.4.1లో ఇనానా దేవత పాతాళానికి దిగుతూ ఏడు ద్వారాల దగ్గర తలపాగా నుంచి వస్త్రం దాకా ఒక్కొక్కటే పోగొట్టుకుంటుంది. అవి ఆమె దైవాధికారాలకు గుర్తులని తెలియకపోతే ఆ దృశ్యం ఉత్త నగల జాబితా అవుతుంది. ఇంకో ముఖ్య విషయం, చాలా రచనల్లో మనం చదివే పాఠం యథాతథంగా ఏ ఒక్క పలక మీదా లేదు. క్రీ.పూ. 18వ శతాబ్దం నాటి, ఎక్కువగా నిప్పూరు నగరపు బడి పిల్లల చేతిరాత పలకలను కలిపి కూర్చినది. 2006 తర్వాత దొరికిన ముక్కలు ఇందులో ఉండవు. పేర్లతో వెతికేటప్పుడు ఇనానాకు రెండో చోట ఒకే 'ఎన్' రాయాలి (Inana), ఆమె భర్త దుముజి పేరు చివర 'డి' చేర్చాలి (Dumuzid). లేకపోతే ఫలితాలు రావు. ఫోనులో అక్షరాలు మరీ చిన్నవి, కంప్యూటరే నయం.

12 పలకల గిల్గమేష్ కావ్యం ఇందులో దొరకదు, అది అక్కడ్ భాషలోది. దానికి మ్యూనిక్ వారి ఎలక్ట్రానిక్ బాబిలోనియన్ లైబ్రరీకి వెళ్లాలి, అదీ ఉచితమే.