మా అమ్మాయి మూడేళ్లు చదివిన బడి గురించి

ఈ బడిలో పిల్లల్ని చేర్పించాలనుకునే తల్లిదండ్రుల కోసం ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. గదులు విశాలంగా, శుభ్రంగా ఉంటాయి. ఉపాధ్యాయులు పిల్లల మీద చెయ్యెత్తరు, ఏదైనా అడిగితే ఓపికగా మాట్లాడతారు. అక్కడ వంక పెట్టలేను. నా బాధంతా చదువుతోనే.

పోయిన ఏడాది సైన్సు పరీక్షలో మా అమ్మాయికి 20కి 20 వచ్చాయి. కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం, సమీకరణం పొల్లు పోకుండా రాసింది. ఆ సాయంత్రం కిటికీలోంచి చెట్టును చూపించి, "ఇంత మాను, ఇంత బరువు ఎక్కడి నుంచి వచ్చిందే?" అని అడిగాను.

"మట్టిలోంచి" అంది, తడుముకోకుండా.

1648లో అచ్చయిన, వాన్ హెల్మాంట్ అనే శాస్త్రవేత్త ప్రయోగం చెప్పాను. తొట్టిలో నాటిన విల్లో మొక్కకు ఆయన అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు దాదాపు 75 కిలోలు పెరిగింది. మట్టి తగ్గింది సుమారు 60 గ్రాములే. ఆ బరువంతా నీళ్లదేనని ఆయన అనుకున్నాడు. గాలి పాత్ర తరువాతి వాళ్లు తేల్చారు. అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. తన నోట్సు తెచ్చుకుని, సమీకరణంలో కార్బన్ డయాక్సైడ్ మీద వేలు పెట్టి, "అయితే చెట్టు గాలిలోంచి వచ్చిందా అమ్మా?" అంది. నెలల తరబడి అప్పజెప్పిన సమీకరణాన్ని అప్పుడే మొదటిసారి చదివినట్టుంది.

టీచరుగారిని కలిశాను. మంచి మనిషి. "సిలబస్ పూర్తి చేయాలి కదండీ" అన్నారు. ఆమెను తప్పుపట్టను, ఆ తొందర యాజమాన్యానిది. మార్కులకు హామీ ఇచ్చే బడి, అర్థమయ్యేలా చేస్తామని ఎందుకు హామీ ఇవ్వదు? ప్రతి పిల్లకూ ప్రతి పాఠమూ బుర్రకెక్కిస్తామని ఎవరూ మాటివ్వలేరు, అది నాకు తెలుసు. కానీ పుస్తకంలో లేని ప్రశ్న ఒకటి అడిగి చూస్తామని, తెలియకపోతే మళ్లీ చెబుతామని మాటివ్వవచ్చు. అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లోనే ఈ పద్ధతి రాశాడు: పాఠం కాగానే చిన్న పరీక్ష, వెనకబడ్డవాళ్లకు మరో తీరులో బోధన, మళ్లీ పరీక్ష. దీనికి కావలసింది సమయం. ఇక్కడ యూనిట్ పరీక్ష మార్కులు కార్డులో ఎక్కిన మర్నాడే కొత్త పాఠం మొదలవుతుంది.

చేర్పించే ముందు ఒక్కటి అడగండి: పాఠం అర్థం కాని పిల్లకు మరుసటి వారం ఏం చేస్తారు? మమ్మల్ని ట్యూషన్ పెట్టించుకోమన్నారు. అందుకే చిన్నవాణ్ణి ఇక్కడ చేర్పించలేదు.