వంటింట్లో వెయింగ్ మెషిన్: ఏళ్ళ తరబడి వాడాక

ఐదు కిలోల దాకా తూచే, ఒక్కో గ్రాము తేడా చూపించే మామూలు కిచెన్ స్కేల్ ఇది. పైన స్టీలు పళ్ళెం, కింద రెండు సన్నని సెల్స్, రెండే బటన్లు. ఐదారు వందల్లో వస్తుంది. బరువు తగ్గడానికని జనం కొనే వాచీలు, రబ్బరు బ్యాండ్లు, షేక్ డబ్బాలు అన్నీ ఒకవైపు, ఇది ఒకవైపు పెడితే నా ఓటు దీనికే. మన భోజనంలో కంటి అంచనాకు దొరకనివి రెండే: నూనె, అన్నం. ఈ రెండూ దీనికి దొరికిపోతాయి.

నూనెతో మొదలుపెట్టండి, ఫలితం తొందరగా తెలుస్తుంది. గ్రాము నూనెకు 9 కేలరీలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2,000 కేలరీల భోజనానికి మనిషికి రోజుకు 27 గ్రాముల నూనె చాలంటుంది. నలుగురున్న ఇంటికి నెలకు మూడున్నర లీటర్లు అన్నమాట. ఐదు లీటర్ల డబ్బా నెలకే ఖాళీ అవుతోందంటే ఒక్కొక్కరికీ రోజుకు 38 గ్రాములు పోతున్నట్టు. ఆ తేడా వంద కేలరీలు. పైగా పచ్చళ్ళలో తేలే నూనె, బయట తిన్న టిఫిన్ల నూనె ఇందులో కలవలేదు. డబ్బా తెరిచిన తేదీని మార్కర్‌తో మూత మీద రాస్తే చాలు, సగం లెక్క దానంతట అదే తేలుతుంది.

పోపు నూనె తూచడంలో ఒక తిరకాసు ఉంది. కళాయిని మిషన్ మీద పెట్టి చుక్కచుక్కగా పోస్తే అంకె కదలదు. గాలికీ వేడికీ వచ్చే చిన్న తేడాలను పట్టించుకోకుండా సున్నా దగ్గరే నిలబడేలా వీటిని తయారుచేస్తారు, అందుకని నెమ్మదిగా పడే నూనెను కూడా మింగేస్తాయి. దీనికి విరుగుడు తిరగేసి తూచడమే. నూనె సీసాను మిషన్ మీద పెట్టి టేర్ బటన్ (ఉన్న బరువును సున్నా చేసేది) నొక్కాలి. సున్నా వచ్చాక సీసా తీసి కళాయిలో పోసి, మళ్ళీ మిషన్ మీద పెట్టాలి. మైనస్ 14 అని చూపిస్తే 14 గ్రాములు వాడినట్టు. గిన్నెలు మార్చే పని లేదు, వేడి కళాయి మిషన్‌కు తగలదు. పూరీలో బజ్జీలో వేసిన రోజు ఎంత పీల్చాయో కూడా ఇలాగే తెలుస్తుంది: పోసిన నూనె ముందే తూచి, పని అయ్యాక పూర్తిగా చల్లారనిచ్చి మిగిలింది తూచండి. మధ్యలో ఉన్నదంతా కడుపులోకే. పిండి పల్చనైనా, నూనె సరిగా కాగకపోయినా ఎక్కువ పీలుస్తాయి.

అన్నం లెక్క కాస్త ఓపిక అడుగుతుంది. వంద గ్రాముల బియ్యంలో 350 పైచిలుకు కేలరీలు, వంద గ్రాముల అన్నంలో 130 దాకా. కేలరీలు లెక్కించే యాప్‌లో ఏది ఎంచుకున్నారో చూసుకోకపోతే లెక్క మూడింతలు తేడా వస్తుంది. అన్నం వండే గిన్నె ఖాళీ బరువు ఒకసారి తూచి అలమర తలుపు లోపలివైపు రాసి అంటించండి. బియ్యం తూచి వండండి. ఉడికాక గిన్నెతో సహా తూచి ఖాళీ బరువు తీసేయండి. 300 గ్రాముల బియ్యం 840 గ్రాముల అన్నం అయిందనుకుందాం, అంటే 2.8 రెట్లు. అప్పుడు 200 గ్రాముల అన్నం పెట్టుకుంటే 71 గ్రాముల బియ్యం, దరిదాపు 250 కేలరీలు. పాత సోనా మసూరి ఎక్కువ నీళ్ళు తాగుతుంది, కొత్త బియ్యం తక్కువ. బస్తా మారినప్పుడల్లా ఎన్ని రెట్లు అవుతోందో మళ్ళీ చూసుకోవాలి. వేడి గిన్నెను సూటిగా పళ్ళెం మీద పెట్టకండి, లోపలి సెన్సర్ వేడికి తప్పు చెబుతుంది. మడతపెట్టిన గుడ్డో చెక్క పలకో వేసి, టేర్ నొక్కి, ఆపైన గిన్నె పెట్టండి. ప్రెషర్ కుక్కర్‌ను మాత్రం దీని మీదకు ఎక్కించవద్దు.

అసలు ఎంత తగ్గించాలి? రోజూ తినేదాంట్లో 350 కేలరీలు తగ్గిస్తే చాలు. కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు, ఆ లెక్కన నెలకు కిలోన్నర కిందామీదా తగ్గుతుంది. మొదటి వారంలోనే రెండు కిలోలు పోతే సంబరపడక్కర్లేదు. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం, దాన్ని అంటిపెట్టుకున్న నీరు పోయాయంతే. ఆ నీరు ఒక్క పెళ్ళి భోజనంతో తిరిగొస్తుంది.

టిఫిన్ దగ్గర ఈ మిషన్ చెప్పే కబురు చాలామందికి నచ్చదు. 50 గ్రాముల పిండితో వేసిన ఇడ్లీలు మూడు తింటే 190 కేలరీల చుట్టూ. పక్కన వేసుకునే పల్లీ చట్నీలో 30 గ్రాముల పల్లీలుంటే అవే 170. ఇడ్లీ ఒకటి మానేసే బదులు చట్నీ సగం చేసి సాంబారు పెంచితే ఆకలి తెలియదు. చోడి (రాగి) అంబలి కూడా అంతే. తేలికపాటి తిండి అనుకుని చెంబుతో తాగేస్తారుగానీ చోడిపిండి కూడా గ్రాముకు మూడు కేలరీలకు పైనే. 30 గ్రాముల పిండితో, పల్చటి మజ్జిగ కలిపి కాస్తే ఉదయానికి సరిపడా ఉంటుంది.

తగ్గించడం ఒక ఎత్తు, ప్రోటీన్ అందేలా చూసుకోవడం ఇంకో ఎత్తు. అది లేకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగి మనిషి పీలగా, నీరసంగా తయారవుతాడు. కిడ్నీ జబ్బు లేనివారు శరీర బరువులో కిలోకు గ్రాము, గ్రాముంపావు లక్ష్యంగా పెట్టుకోవచ్చు. విశాఖలో ఉండి దీనికి పౌడరు డబ్బాలు కొనడం ఎందుకో నాకు అర్థం కాదు. ఫిషింగ్ హార్బర్ పక్కనే ఉంది, కానగంత చేపలు వంజరం కన్నా ఎంతో చవక, వంద గ్రాముల కండలో 19 గ్రాముల దాకా ప్రోటీన్. అయితే తూకం శుభ్రం చేశాక వేయాలి. తల, పొట్ట, తోక పోయేసరికి కిలోలో మూడోవంతుకు పైగా తగ్గిపోతుంది, ముల్లు సంగతి వేరే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. ఆ రెండు నెలలూ గుడ్లు, కోడి, పప్పు మీద నడిపించుకోవాలి. గుడ్డుకు 6 గ్రాములు. పప్పు దగ్గర మనం మోసపోతాం: మనిషికి 30 గ్రాముల కందిపప్పు వేసి పల్చగా చేసిన పప్పుచారులో ఆరు, ఏడు గ్రాములకు మించదు. గరిటె నిండుగా కనిపించేది నీళ్ళే.

ఇక మిషన్ లోపాలు. బీచ్‌కు దగ్గరగా ఉన్న లాసన్స్ బే, పెద వాల్తేరు లాంటి చోట్ల ఉప్పుగాలి దీనికి ప్రధాన శత్రువు. సెల్స్ తగిలే స్ప్రింగు మీద పచ్చటి చిలుము పడుతుంది. అంకెలు మినుకుమినుకుమంటే మిషన్ పాడైందని పారేయకండి, సెల్స్ తీసి ఆ స్ప్రింగును సన్నని గరుకు కాగితంతో రుద్దండి. ఊరెళ్ళేటప్పుడు సెల్స్ బయటపెట్టండి. రెండు నిమిషాలకే దానంతట అది ఆగిపోవడం మరో చికాకు, కూరగాయలు తరుగుతూ వేస్తుంటే సగంలో లెక్క పోతుంది. పళ్ళెం కింది సందులో పిండి ఇరుక్కున్నా తూకం తప్పుతుంది. అనుమానం వస్తే పది రూపాయల బిళ్ళలు పది పెట్టి చూడండి. ఒక్కోటి సుమారు 7.7 గ్రాములు, అంటే 77 రావాలి. ఒకటి రెండు గ్రాములు అటూ ఇటూ అయితే ఫరవాలేదు, ఐదు తేడా వస్తే నమ్మకండి.

నడక దీనికి తోడు, బదులు కాదు. 70 కిలోల మనిషి బీచ్ రోడ్డులో నాలుగు కిలోమీటర్లు నడిస్తే 200 కేలరీల చుట్టూ ఖర్చవుతాయి. తిరిగొస్తూ రెండు మూడు మిరపకాయ బజ్జీలు తింటే చెల్లుకు చెల్లు. కానీ తగ్గిన బరువు తిరిగి రాకుండా నిలబెట్టేది నడకే. వారానికి 150 నిమిషాలు, మాట్లాడగలిగినా పాడలేనంత వేగంతో. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర్నుంచి చదునుగా ఉండే దారి మోకాళ్ళకు మంచిది. అలవాటయ్యాక కైలాసగిరి ఎక్కండి. సింహాచలం మెట్లు ఎక్కడం గుండెకు మేలే, మోకాలి నొప్పి ఉన్నవాళ్ళు దిగేటప్పుడు బస్సులో రావడం నయం, మోకాలి మీద భారం దిగేటప్పుడే ఎక్కువ. మే నెలలో మన ఊళ్ళో చెమట ఆరదు కాబట్టి ఒంటి వేడి దిగదు, పొద్దున ఆరింటికల్లా నడక ముగించాలి. వారంలో రెండు రోజులు గుంజీళ్ళు, గోడకు దండీలు, నీళ్ళ బిందె లేపడం లాంటి బరువు పనీ కలపాలి.

ఒంటి బరువు మిషన్‌తో జాగ్రత్త. రోజూ లేవగానే కాలకృత్యాలయ్యాక, గచ్చు మీద పెట్టి చూసి, ఏడు రోజుల సగటునే లెక్కలోకి తీసుకోండి. ఆవకాయ తిన్న మర్నాడు కిలో పెరగడం ఉప్పు పట్టి ఉంచిన నీరే. ఆడవాళ్ళు కిందటి నెలసరిలోని అదే దశతో పోల్చుకోవాలి. ఈ మిషన్ అంకెలకన్నా దర్జీ టేపు నిజం చెబుతుంది. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది మన దేశస్థులకు పెట్టిన హద్దు.

మూడు నాలుగు నెలలు శ్రద్ధగా తూచాక మీ ఇంటి గరిటె, మీ కంచం, మీ చెయ్యి కొలతలు కంటికి అలవాటవుతాయి. అప్పుడు రోజూ తూచడం మానేయొచ్చు. నెలకోసారి మాత్రం కంటి అంచనాకు వడ్డించుకుని ఆ తర్వాత తూచి చూడండి. 200 అనుకున్న అన్నం ఎప్పుడో 260కి చేరి ఉంటుంది. హోటల్ బిర్యానీకి, చుట్టాలింటి భోజనానికి ఇది పనికిరాదు, జేబులో వేసుకెళ్ళి పరువు తీసుకోవద్దు. షుగరుకు ఇన్సులినో మాత్రలో వాడేవారు అన్నం తగ్గించే ముందు డాక్టరుకు చెప్పాలి, మందు అదే మోతాదులో ఉంటే షుగరు పడిపోవచ్చు. తిండి గురించే అదే పనిగా బెంగపడే స్వభావం ఉన్నవాళ్ళకు, ఎదిగే పిల్లలకు ఈ లెక్కలు వద్దు.

కొనేటప్పుడు బ్లూటూత్ ఉన్నవాటికి రెట్టింపు పెట్టకండి. వాటి యాప్‌లో గోంగూర పప్పు, ఉలవచారు వెతికితే దొరికేవి ఎవరో ఒకరు అంచనాగా ఎక్కించిన అంకెలే. గాజు పళ్ళెం కన్నా ఊడదీసి కడుక్కునే స్టీలు పళ్ళెం మేలు, అంకెలు పెద్ద గిన్నె కింద దాక్కోకుండా ముందుకు పొడుచుకుని ఉన్నది చూసుకోండి.