లాస్ వేగాస్‌లో క్రాప్స్ నేర్చుకున్నాం: ఎక్కడ దిగాలి, ఏ బల్ల దగ్గర నిలబడాలి

ఫీనిక్స్ నుంచి లాస్ వేగాస్‌కి కారులో ఐదు గంటలు. ఇంతకుముందు నాలుగుసార్లు వెళ్ళాం కానీ క్యాసినోల మధ్యలోంచి నడుచుకుంటూ షోలకీ, తిండికీ పోవడమే తప్ప ఏ బల్ల దగ్గరా నిలబడింది లేదు. ఈసారి భీమవరం నుంచి మా వదిన, అన్నయ్యగారు వచ్చారు. వచ్చిన మర్నాడే ఆయన "అమ్మా, అక్కడ పాచికలాట ఉంటుందట కదా, దగ్గరుండి చూడాలి" అన్నారు. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన గుండాట చూస్తూ పెరిగిన మనిషి. అక్కడ అది నిషేధం, పోలీసుల భయంతో ఆడేది, పైగా బల్ల పెట్టినవాడికి ఎంత మిగులుతుందో ఆడేవాళ్ళలో ఎవరికీ తెలీదు. ఇక్కడ నెవాడాలో జూదం 1931 నుంచీ చట్టబద్ధం, క్రాప్స్ అనే ఈ రెండు పాచికల ఆటలో అయితే ఏ పందెంలో క్యాసినోకి ఎంత మిగులుతుందో పైసలతో సహా లెక్క కట్టొచ్చు. ఆ తేడానే ఆయనకి చూపించాలనుకున్నాను.

మొదటి రెండు రాత్రులు స్ట్రిప్ మీద, అంటే పెద్ద క్యాసినో హోటళ్ళన్నీ ఉండే ప్రధాన వీధిలో, ఒక పెద్ద హోటల్లో దిగాం. పేరు చెప్పను. బుక్ చేసినప్పుడు కనిపించిన రేటు వేరు, కౌంటర్ దగ్గర కట్టింది వేరు, రిసార్ట్ ఫీజు అని రాత్రికింత, దాని మీద పన్ను, కారు పార్కింగ్‌కి మళ్ళీ విడిగా. ఇవన్నీ కలుపుకుని ముందే చూసుకోండి, గది అద్దెతో సమానంగా తేలిన రోజులున్నాయి. ఇంకో సంగతి. కార్తీక మాసం కావడంతో వదిన మాంసం వంటలున్న చోట తినదు, అందుకని పులిహోర, పెరుగు వెంట తెచ్చుకున్నాం. పెరుగు డబ్బా పెట్టడానికి గదిలో మినీబార్‌లోని సీసాలు కాస్త పక్కకి జరిపాం, అంతే, మర్నాడు బిల్లులో రెండు సీసాల ధర పడింది. అందులో సెన్సర్లు ఉంటాయట, సీసా కదిపితే తాగినట్టే లెక్క. ఫోన్ చేసి చెబితే తీసేశారు కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గదిలోకి అడుగుపెట్టగానే ఈ మాట వాళ్ళకి చెప్పేయండి, లేదా ఖాళీ ఫ్రిజ్ కావాలని ముందే అడగండి.

ఇక శనివారం రాత్రి అదే హోటల్లో క్రాప్స్ బల్ల. కనీస పందెం 25 డాలర్లు. బల్ల చుట్టూ పదిహేనుమంది, అరుపులు, చప్పట్లు. బల్ల అంటే పచ్చటి గుడ్డ పరిచిన లోతైన పడవలా ఉంటుంది, అంచుల మీద చిప్స్, అంటే డబ్బుకి బదులు పందెం కాసే బిళ్ళలు, పెట్టుకునే గాడులు. అవతలివైపు పందేలు, చెల్లింపులు చూసే ఇద్దరు డీలర్లు, మధ్యలో కూర్చుని డబ్బు చూసుకునే బాక్స్‌మన్, వాళ్ళకి ఎదురుగా పాచికలు జరపడానికి పొడవాటి వంపు కర్ర పట్టుకున్న స్టిక్‌మన్. చిప్స్ కోసం నేను రెండు వందలు తీసి డీలర్ చేతికివ్వబోయాను, ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చేతి నుంచి చేతికి డబ్బు పుచ్చుకోరు, గుడ్డ మీద పెట్టాలి, పైన కెమెరాకి కనిపించాలి. ఈ ఒక్క ముక్క ముందు తెలిసుంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. స్టిక్‌మన్ మా వైపు చూస్తూ మధ్యలో ఉన్న గళ్ళ పేర్లు ఒకటే పిలుస్తున్నాడు, హార్డ్ ఎయిట్ (నాలుగూ నాలుగూ పడి ఎనిమిది రావడం) అని, ఎనీ సెవెన్ (తర్వాత వేసినప్పుడే ఏడు పడటం) అని. అందరూ పెడుతున్నారు కదా అని అన్నయ్యగారు కూడా ఐదేసి డాలర్లు విసిరారు. అరగంటలో 130 పోయాయి. పోయినందుకు కాదు నా బాధ, ఎందుకు పోయాయో అర్థం కాకుండా పోయాయి, అడిగితే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేదు. అంత రద్దీలో వాళ్ళ తప్పు కూడా కాదు. నేర్చుకునేవాళ్ళు శనివారం రాత్రి స్ట్రిప్‌లో బల్ల దగ్గరికి వెళ్ళకూడదు, అంతే.

ఆ రాత్రి గదిలో కాగితం మీద లెక్క వేశాం. రెండు పాచికలు కలిపి 36 రకాలుగా పడతాయి. అందులో 7 అనే మొత్తం ఆరు రకాలుగా పడుతుంది, మిగతా ఏ అంకె కన్నా ఎక్కువ. ఆటంతా ఆ ఏడు చుట్టూనే. బల్ల అంచు వెంబడి ఉండే పాస్ లైన్ అనే గడి మీద పందెం కాశాక మొదటిసారి వేసేదాన్ని కమ్ అవుట్ అంటారు. అప్పుడు ఏడో పదకొండో పడితే గెలుపు, రెండు, మూడు, పన్నెండు పడితే ఓటమి. ఇవేవీ కాక 4, 5, 6, 8, 9, 10లో ఒకటి పడితే అది పాయింట్. నలుపు వైపున్న గుండ్రటి బిళ్ళని తెలుపు వైపుకి తిప్పి ఆ అంకె మీద పెడతారు. ఇక అక్కడి నుంచి ఆ అంకె మళ్ళీ పడితే మనకి, ముందు ఏడు పడితే వాళ్ళకి. మొదట మన చుట్టమైన ఏడు పాయింట్ వచ్చాక శత్రువవుతుంది. అందుకే బల్ల దగ్గర ఆ మాట పైకి అనరు, అంటే అందరూ గుర్రుగా చూస్తారు. పదకొండుని కూడా ఇలెవెన్ అని కాకుండా యో అంటారు, సెవెన్ అని వినిపించకూడదని.

పాస్ లైన్ మీద వంద డాలర్ల పందేలకి క్యాసినోకి మిగిలేది సగటున 1 డాలరు 41 సెంట్లు. ఎనీ సెవెన్ మీద అదే వందకి 16 డాలర్ల 67 సెంట్లు. రెండూ ఒకే బల్ల మీద, మూరెడు దూరంలో! హార్డ్ ఎయిట్‌లో తొమ్మిది డాలర్లు దాటుతుంది. స్టిక్‌మన్ గట్టిగా పిలిచేవన్నీ ఖరీదైన గళ్ళే, తక్కువ ఖరీదు గడి పేరు ఎవరూ పిలవరు. అన్నయ్యగారు కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

మూడో రోజు మకాం డౌన్‌టౌన్‌కి, అంటే ఊళ్ళో పాత క్యాసినోలుండే వైపుకి, మార్చేశాం. స్ట్రిప్ నుంచి డ్యూస్ బస్సు నేరుగా వెళుతుంది, రాత్రీ పగలూ తిరుగుతుంది, కారు లేనివాళ్ళకి అదే మేలు. ఫ్రీమాంట్ వీధికి ఒక సందు అవతల కాలిఫోర్నియా హోటల్, అక్కడివాళ్ళు ద కాల్ అంటారు. 1975లో తెరిచింది. హవాయి నుంచి వచ్చేవాళ్ళ కోసమే అన్నట్టు నడుస్తుంది, పువ్వుల చొక్కాలు, హవాయి తిండి, అలోహా పలకరింపులు. గదులు పాతవే, కానీ శుభ్రంగా ఉన్నాయి, అన్నీ కలుపుకుని స్ట్రిప్‌లో కట్టినదాంట్లో సగం లోపే అయింది. వదినకి ఇక్కడ తినడానికి పెద్దగా ఏమీ దొరకలేదు, రెండు పూటలు స్ట్రిప్‌కి దూరంగా ఉన్న ఒక ఇండియన్ హోటల్‌కి వెళ్ళి దోసెలు తిన్నాం. సిగరెట్ పొగ మాత్రం డౌన్‌టౌన్‌లో ఎక్కువే, పడనివాళ్ళు ఆలోచించుకోండి. స్ట్రిప్ మీద పార్క్ ఎంజీఎం క్యాసినోలో పొగ తాగనివ్వరు, ఆ సుఖం అక్కడ ఉంది.

నేను ద కాల్‌నే ఎంచుకోవడానికి వేరే కారణం ఉంది. 1989 మే 28న హవాయికి చెందిన స్టాన్లీ ఫుజిటాకే అనే పెద్దాయన ఇక్కడే పాచికలు చేతికి తీసుకుని 3 గంటల 6 నిమిషాల పాటు వదల్లేదు, 118సార్లు వేశాడు. అంటే పాయింట్ ఉండగా ఏడు పడకుండా అంతసేపు! గంట దాటి పాచికలు నిలబెట్టుకున్నవాళ్ళ పేర్లు గోల్డెన్ ఆర్మ్ పేరుతో ఇక్కడ గోడ మీద ఉన్నాయి. ఆ రికార్డుని 2009లో అట్లాంటిక్ సిటీలోని బోర్గాటా క్యాసినోలో పట్రీషియా డెమౌరో అనే ఆవిడ 154 వేతలతో దాటేసింది. ఆ పేర్ల ముందు నిలబడి చదువుతుంటే చాలా సంతోషమనిపించింది, డబ్బు లెక్క పక్కన పెట్టినా ఇది మనుషులంతా కలిసి ఊపిరి బిగబట్టి చూసే ఆట.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి కిందికి దిగాం. పది డాలర్ల బల్ల, మాతో కలిపి నలుగురమే. "మాకు కొత్త, నెమ్మదిగా ఆడతాం" అని చెప్పాం. డీలరమ్మ ఎంత ఓపికమంతురాలంటే, ప్రతి వేతకీ ముందు మేం చిప్ పెట్టిన చోటు చూసి, తప్పుంటే వేలితో చూపించి, అర్థమయ్యాకే పాచికలు పంపించమనేది. ఆడ్స్ సంగతి నేర్పింది కూడా ఆవిడే. పాయింట్ వచ్చాక పాస్ లైన్ పందెం వెనకాల ఇంకొంత పెట్టొచ్చు. దానికి బల్ల మీద గడి ఉండదు, పేరు రాసి ఉండదు. క్యాసినోకి అందులో ఒక్క సెంటు కూడా మిగలదు కాబట్టి. పాయింట్ 4 అనుకోండి, 4 మూడు రకాలుగా పడుతుంది, 7 ఆరు రకాలుగా, అంటే మన అవకాశం సగమే, అందుకే గెలిస్తే పెట్టినదానికి రెట్టింపు ఇస్తారు. 5, 9 అయితే రెండుకి మూడు, 6, 8 అయితే ఐదుకి ఆరు. లెక్కకి లెక్క సరిపోతుంది. అన్నయ్యగారికి ఇది నచ్చినంతగా వేగాస్‌లో ఇంకేదీ నచ్చలేదు. "లాభం లేని పందేన్ని కూడా ఇస్తారా వీళ్ళు!" అని మావారితో రెండుసార్లు అన్నారు. అయితే ఒక జాగ్రత్త, ఆడ్స్ పెట్టాలంటే ముందు పాస్ లైన్ కాయాల్సిందే, పైగా పందెం పెద్దదయ్యే కొద్దీ గెలుపోటముల ఊపు కూడా పెద్దదవుతుంది. జేబులో పెట్టుకున్నది చూసుకునే పెట్టాలి.

తర్వాత పాచికలు నా వంతుకొచ్చాయి. స్టిక్‌మన్ ఐదు పాచికలు నా ముందుకి తోశాడు, రెండు ఏరుకోవాలి. ఎర్రటి అద్దంలా ఉంటాయి, అవతలి వేలు కనిపిస్తుంది, అంచులు చేతికి గుచ్చుకునేంత పదును, పక్కన సన్నటి అక్షరాల్లో నంబరు. చుక్కలు గుంటల్లా ఉండవు, నున్నగా సమంగా పూడ్చి ఉంటాయి, ఏ వైపూ బరువు తగ్గకుండా. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి, బల్ల అవతలి గోడకి తగలాలి, ఆ గోడకి రబ్బరు మొనలుంటాయి, ఎవరు ఎంత నేర్పుగా విసిరినా అక్కడ చెదిరిపోతాయి. చిన్నప్పుడు అష్టాచెమ్మాలో గవ్వలు రెండు చేతుల్లో ఆడించి వేసే అలవాటు నాకు, రెండో చెయ్యి దానంతటదే లేచింది, డీలరమ్మ నవ్వుతూ వేలు ఊపింది. తొమ్మిది పడింది, పాయింట్. పాస్ లైన్ మీద పది, వెనక ఇరవై. ఎనిమిది, ఆరు, మళ్ళీ ఆరు, పదకొండు, నాలుగు. బల్ల చివర్న ఉన్న హవాయి పెద్దావిడ నా పేరడిగి, పిలుస్తూ చప్పట్లు కొట్టడం మొదలెట్టింది. ఏడోసారికి ఐదూ నాలుగూ తిరిగి ఆగాయి. నా చేతులు వణికాయి. పదికి పది, ఇరవైకి ముప్ఫై, నలభై డాలర్లు నా ముందుకి వచ్చాయి. తర్వాతి పాయింట్ ఆరు, రెండో వేతకే ఏడు పడి సెవెన్ అవుట్, ముప్ఫై పోయాయి, ఎవరూ ఏమీ అనలేదు, బాగా వేశావని ఆ పెద్దావిడ నా భుజం తట్టింది.

మనుషుల మధ్య ఆడటానికి బిడియపడేవాళ్ళకి బబుల్ క్రాప్స్ యంత్రాలున్నాయి, గాజు గిన్నె కింద నిజం పాచికలు ఎగురుతాయి, పందెం తెర మీద కాయాలి. ఒక్కో ఆటకి ఐదు డాలర్లతో ఇరవై పోగొట్టుకున్నాం, కానీ గళ్ళ పేర్లు తెలియడానికి పనికొచ్చింది. వరుస మార్చుకోవచ్చు, ముందు యంత్రం, తర్వాత పొద్దుటి బల్ల. వయసు 21 నిండాలి, చూడ్డానికి చిన్నగా ఉన్నవాళ్ళు పాస్‌పోర్టో లైసెన్సో దగ్గర పెట్టుకోండి. పిల్లల్ని బల్లల దగ్గర నిలబడనివ్వరు. మావారు, వదిన మాత్రం ఫ్రీమాంట్ వీధిలో పైకప్పు మీది లైట్ షో రెండు రాత్రులూ చూశారు, డబ్బులు కట్టక్కర్లేదు, చీకటి పడ్డాక గంట గంటకీ వేస్తారు.

బల్ల దిగేటప్పుడు చిల్లర చిప్స్ గుడ్డ మీద పెట్టి కలర్ అప్ అంటే పెద్ద చిప్స్‌గా మార్చి ఇస్తారు, వాటిని కేజ్ కౌంటర్‌లో డబ్బు చేసుకోవాలి. డీలర్లకి టిప్ ఇవ్వడం ఇక్కడ మర్యాద, నేర్పినందుకు మేం పది డాలర్లు ఇచ్చాం, వాళ్ళ తరఫున పందెంగా కూడా పెట్టొచ్చట. రెండు పొద్దుటి బల్లల్లో కలిపి 45 వచ్చాయి. స్ట్రిప్‌లో పోయిన 130, యంత్రంలో పోయిన ఇరవై తీసేస్తే, టిప్ కాక నికరంగా 105 డాలర్ల నష్టం. ఇద్దరికీ కలిపి నాలుగు వందలు పక్కన పెట్టుకుని వెళ్ళాం, అది దాటలేదు.

క్యాసినో గిఫ్ట్ షాపులో వాడేసిన పాచికలు అమ్ముతారు, మళ్ళీ బల్ల మీదికి రాకుండా గుర్తు వేసి. అన్నయ్యగారు ఒక జత కొన్నారు. తిరిగి వచ్చే దారిలో హూవర్ డ్యామ్ దాటాక వెనక సీట్లో వదిన చేతిలో అవి పెట్టి, అట్ట మీద వేయిస్తూ ఏడు ఎన్నిసార్లు పడుతుందో లెక్క రాసుకోవడం మొదలెట్టారు. కింగ్‌మన్ ఊరు వచ్చేసరికి ముప్ఫై ఆరు వేతలకి ఏడు నాలుగుసార్లే పడింది. "ఇంకో ముప్ఫై ఆరు వెయ్యి చూద్దాం" అన్నారు ఆయన.